అమ్మ నంబరు ఆగకుండా ఉండాలంటే ఏడాదికి ఎంత ఖర్చవుతుంది?

బ్రాడీపేట వాసి, 2025 నవంబర్ 9, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారికి 71 ఏళ్లు. దుగ్గిరాల మండలంలోని మా ఊళ్లో ఒక్కరే ఉంటారు. నేను గుంటూరులో, మా చెల్లెలు హైదరాబాదులో ఉంటాం. అమ్మ ఫోనును మాట్లాడడానికి తప్ప మరి దేనికీ వాడరు. అయితే ఆ నంబరు బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు, గ్యాసుకు, పొలం పాసుపుస్తకానికి ముడిపడి ఉంది. పదిహేనేళ్లుగా చుట్టాలందరి దగ్గరా ఉన్నది కూడా ఆ నంబరే.

పోయిన నెలలో ఆమె 28 రోజుల రీఛార్జి గడువు తీరిన సంగతి నేను మరచిపోయాను. రోజూ రాత్రి నేను ఫోను చేస్తూనే ఉన్నాను, ఆమె మాట్లాడుతూనే ఉన్నారు, కాబట్టి నాకు అనుమానం రాలేదు. ఆగిపోయినవి బయటికి వెళ్లే కాల్స్ మాత్రమే. గ్యాసు బుక్ చేయడానికి మూడు రోజులు ప్రయత్నించి, ఫోను చెడిపోయిందనుకుని, పక్కింటివాళ్ల ఫోను అడిగి తెచ్చుకున్నారని 23వ తేదీన ఊరికి వెళ్లాక గానీ నాకు తెలియలేదు. "నువ్వు పనిలో ఉంటావని చెప్పలేదురా" అన్నారు. అప్పటికప్పుడు మళ్లీ 28 రోజులకే రీఛార్జి చేసి వచ్చాను.

కంపెనీ పేరు కావాలనే చెప్పడం లేదు. చెబితే చర్చ ఆ కంపెనీ అభిమానులకూ వ్యతిరేకులకూ మధ్య తగాదాగా మారుతుందని ఈ వేదిక పాత సభ్యులకు తెలిసినదే. నా ప్రశ్న ఇది: డేటా ఒక్క ఎంబీ కూడా అక్కరలేని మనిషికి, నంబరు ఆగకుండా, కాల్స్ ఆగకుండా ఏడాది గడవాలంటే తక్కువలో తక్కువ ఎంత అవుతుంది?

లెక్కల మాస్టారు, నవంబర్ 9, ఉదయం 8:25

మీ ప్రశ్నకు సమాధానం ఉంది గానీ, ముందు 28 రోజుల సంగతి తేల్చుకోవాలి. 28 రోజులను నెల అని అమ్మడం వల్ల ఏడాదికి 12 రీఛార్జులు కాకుండా 13 చేయవలసి వస్తుంది. 13 సార్లు 28 అంటే 364 రోజులు. ఆ పదమూడవ నెల ఏ పంచాంగంలోనూ లేదు, అధిక మాసమైనా ఏటా రాదు. ఈ విషయమై వచ్చిన ఫిర్యాదుల మీదనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లానును, ప్రతి నెలా అదే తేదీన తిరిగి వేయించుకోగల మరొక ప్లానును ఉంచాలని ఆదేశించింది. అవి ఉన్నాయి, కానీ ఎవరూ మనకు ఎదురుపడి చూపించరు.

ఇక ధరలు. 2024 జూలైలో ధరలు పెరిగినప్పుడు 28 రోజులకు అపరిమిత కాల్స్, మొత్తం మీద 2 జీబీ డేటా ఇచ్చే చిన్న ప్లాన్లు ఎయిర్‌టెల్‌లో 179 నుంచి 199కి, జియోలో 155 నుంచి 189కి చేరాయి. పదమూడు సార్లు వేస్తే మొదటిది 2,587 రూపాయలు, రెండవది 2,457 రూపాయలు.

ట్రాయ్ 2024 డిసెంబర్ 23న మరొక నిబంధన తెచ్చింది. డేటా లేకుండా, కేవలం కాల్స్‌కూ ఎస్ఎంఎస్‌లకూ కనీసం ఒక వోచర్ (రీఛార్జి ప్యాకు) ప్రతి కంపెనీ అమ్మాలి. అంతకు ముందు 90 రోజులుగా ఉన్న ప్రత్యేక వోచర్ల గరిష్ఠ గడువును 365 రోజులకు పెంచింది. దాని ఫలితంగా 2025 జనవరిలో వచ్చిన ప్లాన్లలో ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, 365 రోజులకు 1,849 అని పెట్టింది. జియో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748 అని పెట్టింది. రోజుకు ఎంత అని చూస్తే వరుసగా 5.58, 5.07, 5.33, 5.20 రూపాయలు. 199 ప్లానుకు ఇదే లెక్క 7.11 వస్తుంది.

336 రోజులను చూసి ఏడాది అనుకోకండి. అది పన్నెండు 28లు. మిగిలిన 29 రోజులకూ అదే వంతున కడితే 1,748 కాస్తా 1,899 అవుతుంది. కాబట్టి ఈ ధరల లెక్క ప్రకారం మీ ప్రశ్నకు జవాబు రమారమి 1,850 నుంచి 1,900 రూపాయలు.

బెజవాడ రీఛార్జి కొట్టు, నవంబర్ 9, ఉదయం 10:10

మాస్టారి లెక్కలో తప్పు లేదు. గవర్నర్‌పేటలో చాలా ఏళ్లుగా రీఛార్జి కొట్టు నడుపుతున్నవాడిగా రెండు మాటలు చేర్చాలి.

డేటా లేని ప్లాన్లు వచ్చి తొమ్మిది నెలలు దాటినా, వాటిని పేరు పెట్టి అడిగినవారు మా కౌంటర్ దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. యాప్ తెరిస్తే పైన కనిపించేవి రోజుకు 1.5 జీబీ, 2 జీబీ ఇచ్చేవే. వాయిస్ ప్లాన్లు ఎక్కడో వేరే శీర్షిక కింద, వేలు నొప్పిపుట్టేదాకా కిందికి జరిపితే వస్తాయి. నిబంధన ప్రకారం అమ్ముతున్నారు, అంతే.

రెండో మాట ముఖ్యమైనది. మా దగ్గరికి వచ్చే రిక్షా వాళ్లు, ఇళ్లలో పనిచేసే అమ్మలు 1,849 రూపాయలు ఒక్కసారి తీయలేరు. చేతిలో రెండు వందలు ఉన్నప్పుడు 28 రోజులకే వేయించుకుంటారు. రోజుకు 5 రూపాయల ధర చేతిలో డబ్బున్నవాడికి, 7 రూపాయల ధర లేనివాడికి. ఏడాదిలో వాళ్లు కట్టే 738 రూపాయల తేడా, లెక్క తెలియక కాదు, వెసులుబాటు లేక. మీకు వెసులుబాటు ఉంది కాబట్టి ఏడాదికి వేయించేయండి.

పటమట ప్రోగ్రామర్, నవంబర్ 9, ఉదయం 11:32

నాకు ఈ చర్చ సాగుతున్న దారి మీదనే అభ్యంతరం ఉంది. 738 రూపాయలు మిగులుతాయని ఒక మనిషికి ఇంటర్నెట్ లేకుండా చేయడం పొదుపు ఎలా అవుతుంది? రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ప్రారంభించిన మన మిత్ర సేవలన్నీ వాట్సాప్ మీదనే నడుస్తున్నాయి. ధ్రువపత్రాలకు, బిల్లులకు, దర్శనం టికెట్లకు మనం పెద్దవాళ్లను అటువైపు నడిపించాల్సిన కాలంలో, వెనక్కి తీసుకువెళ్తున్నాం. అమ్మగారికి ఒక మామూలు స్మార్ట్‌ఫోను కొనిచ్చి, డేటా ఉన్న ప్లాను వేయించి, నాలుగు ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పితే వీడియో కాల్‌లో మనవరాలిని రోజూ చూసుకుంటారు. మా నాన్నగారు 68 ఏళ్ల వయసులో నేర్చుకున్నారు.

బ్రాడీపేట వాసి, నవంబర్ 9, మధ్యాహ్నం 12:05

ప్రోగ్రామర్ గారూ, మీరు చెప్పిన పని రెండేళ్ల క్రితమే చేశాను. ఆ స్మార్ట్‌ఫోను ఇప్పటికీ బీరువాలో, కొన్న పెట్టెలోనే ఉంది. అమ్మకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండవ కంటికి ఇంకా కాలేదు. ఆమె వాడేది బటన్ల ఫోను. మధ్యలో 5 అంకె మీద ఉండే చిన్న బొడిపెను వేలితో తడిమి, చూడకుండానే నంబర్లు నొక్కుతారు. అద్దం మీద ఆ పని జరగదు. ఆ ఫోను 2జీది అన్న సంగతి మొదటి పోస్టులోనే రాసి ఉండవలసింది, పొరపాటు నాది.

లెక్కల మాస్టారు, నవంబర్ 9, మధ్యాహ్నం 12:20

ఆ ఒక్క సంగతితో నా జాబితాలో సగం కొట్టివేయాలి. జియోకు 2జీ, 3జీ లేవు. అందులో మాట కూడా 4జీ మీదనే వెళుతుంది. 2జీ బటన్ల ఫోనులో ఆ సిమ్ వేస్తే నెట్‌వర్క్ దొరకదు. కాబట్టి 448, 1,748 రెండూ మీకు పనికిరావు, ఫోను మారిస్తే తప్ప.

ఫోను మార్చినా బటన్లు ఉండాలనుకుంటే 2023 జూలైలో 999 రూపాయలకు వచ్చిన జియోభారత్ వీ2 లాంటివి ఉన్నాయి. వాటికి 28 రోజులకు 123 రూపాయల ప్రత్యేక ప్లాను ఉంది, రోజుకు 4.39 పడుతుంది. అందరికంటే అదే తక్కువ. అయితే ఆ ప్లాను ఆ ఫోనుకే పరిమితం.

కృష్ణలంక సత్యం, నవంబర్ 9, మధ్యాహ్నం 2:45

ఇంత లెక్క వేసినవారు బీఎస్ఎన్ఎల్ పేరు ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 2024 జూలైలో మిగతా వాళ్లంతా ధరలు పెంచినప్పుడు పెంచనిది అదొక్కటే. మా వీధిలోనే పది మంది అప్పుడు పాత నంబరుతోనే దానికి మారారు, అంటే పోర్ట్ అయ్యారు. 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని దాని 4జీని ప్రారంభించారు, దాదాపు 97,500 టవర్లు. నెట్‌వర్క్‌ను నడిపే కోర్ వ్యవస్థ ప్రభుత్వ సంస్థ సీ-డాట్‌ది, టవర్ల మీది రేడియో పరికరాలు తేజస్ కంపెనీవి, వీటిని కూర్చింది టీసీఎస్. మొత్తం దేశంలో తయారైనదే. దాని సర్కిల్ (టెలికాం లెక్కలో రాష్ట్ర స్థాయి ప్రాంతం) కార్యాలయం మన విజయవాడ చుట్టుగుంటలోనే ఉంది. ప్రభుత్వ సంస్థను మనం వదిలేసి, తరువాత ధరలు పెరిగాయని ఏడవడం ఎందుకు?

పటమట ప్రోగ్రామర్, నవంబర్ 9, మధ్యాహ్నం 3:30

సత్యం గారూ, దేశంలో తయారైనదన్న గౌరవం నాకూ ఉంది. కానీ పోర్ట్ అయ్యే ముందు ఫోను ఏ బ్యాండ్లను (సిగ్నల్ వచ్చే తరంగాల శ్రేణులను) పట్టుకుంటుందో చూసుకోవాలి. బీఎస్ఎన్ఎల్ 4జీకి వాడుతున్న వాటిలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 28 ముఖ్యమైనది. కొన్నేళ్ల కిందటి 4జీ ఫోన్లలో చాలావాటికి ఆ బ్యాండ్ లేదు. టవర్ ఎదురుగా ఉన్నా ఫోనుకు అది కనిపించదు. 2100 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 1 ఆ ఫోన్లకు అందుతుంది గానీ, గోడలను దాటి లోపలికి రావడంలో 700తో అది సాటి రాదు. పాత 3జీ సిమ్ ఉన్నవారు దాన్ని 4జీ సిమ్‌గా మార్చుకోవాలి కూడా. ఈ రెండూ చూసుకోకుండా పోర్ట్ అయి, నెల తిరగకుండా నెట్‌వర్క్‌ను తిట్టినవారిని మా ఆఫీసులోనే చూశాను.

కృష్ణలంక సత్యం, నవంబర్ 9, మధ్యాహ్నం 3:41

అమ్మగారిది 2జీ ఫోను అని పైన రాశారు కదండీ. ఆమెకు బ్యాండ్ 28తో పనేముంది? 2జీ కాల్స్ 900, 1800 మెగాహెర్ట్జ్ మీద వెళతాయి, ఏ బటన్ల ఫోనైనా వాటిని పట్టుకుంటుంది.

పటమట ప్రోగ్రామర్, నవంబర్ 9, మధ్యాహ్నం 3:50

నిజమే, ఒప్పుకుంటున్నాను. నేను నా ఫోనును మనసులో పెట్టుకుని రాశాను.

సింగ్‌నగర్ నివాసి, నవంబర్ 9, సాయంత్రం 5:15

నేను ఎక్కువగా చదివి ఊరుకునే సభ్యుణ్ని, కానీ బటన్ల ఫోను అన్న మాట చూసి రాస్తున్నాను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు మా మీదికి వచ్చినప్పుడు కింది అంతస్తు మునిగింది. పై అంతస్తులో మేము పదకొండు మందిమి, నాలుగు స్మార్ట్‌ఫోన్లు, ఒక బటన్ల ఫోను. కరెంటు లేదు. స్మార్ట్‌ఫోన్లు మొదటి రోజు రాత్రికే ఆరిపోయాయి, వీడియోలు తీసి, లైటు వేసుకుని, సిగ్నల్ కోసం వెతికి వెతికి. మా మామయ్యగారి బటన్ల ఫోను నాలుగో రోజు పొద్దుట వరకు నడిచింది. సిగ్నల్ వచ్చిన కాసేపట్లో పడవ ఎటువైపు వస్తున్నదో కనుక్కున్నది దానితోనే. ఆ ఫోనులో రీఛార్జి ఉండడం మా అదృష్టం. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక బటన్ల ఫోను, ఒక ఏడాది రీఛార్జి తప్పనిసరి. దయచేసి అమ్మగారి ఫోను మార్చవద్దు.

కొత్తపేట కుర్రాడు, నవంబర్ 9, సాయంత్రం 6:02

అందరూ అనవసరంగా వేలకు వేలు లెక్కలు వేస్తున్నారు. ట్రాయ్ కొత్త నిబంధన ప్రకారం 20 రూపాయలు ఉంటే చాలు, సిమ్ నెలల తరబడి పనిచేస్తుందని మా కుటుంబ గ్రూపులో జనవరిలోనే వచ్చింది. దాన్ని కిందా మీదా పడి ఇరవై మందికి పంపాను కూడా.

లెక్కల మాస్టారు, నవంబర్ 9, సాయంత్రం 6:40

నాయనా, ఆ ఇరవై మందికీ ఇది కూడా పంపు. అది కొత్త నిబంధన కాదు, 2013 నాటిది. 90 రోజుల పాటు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ నంబరును, ఖాతాలో 20 రూపాయల నిల్వ ఉంటే వెంటనే రద్దు చేయకూడదు. ఆ 20 రూపాయలు తీసుకుని 30 రోజులు పొడిగించాలి. నిల్వ అయిపోయాక కూడా నంబరును తిరిగి తెచ్చుకోవడానికి 15 రోజులు వ్యవధి ఇవ్వాలి. ఆ నిబంధన కాపాడేది నంబరును, కాల్స్‌ను కాదు. నంబరు పేరుకు ఉంటుంది, బయటికి మాట వెళ్లదు. బ్రాడీపేట వాసి గారి అమ్మగారికి జరిగినది సరిగ్గా అదే.

ఇంకొక మెలిక ఉంది. 20 రూపాయల టాపప్ వేయిస్తే పన్నులూ రుసుమూ పోను ఖాతాలోకి వచ్చేది 14 రూపాయల 95 పైసలు. అంటే 20 రూపాయలతో 20 రూపాయల నిల్వ రాదు.

సిమ్‌ను ఊరికే బతికించుకునే ఖర్చు ఎలా పెరిగిందో పాతవారికి గుర్తుండే ఉంటుంది. జీవితకాల చెల్లుబాటు అని అమ్మిన రోజులు పోయి, 2018లో 28 రోజులకు 35 రూపాయలైనా వేయాలన్నారు. 2021 జూలైలో ఎయిర్‌టెల్ 49ని తీసివేసి 79 నుంచి మొదలుపెట్టింది. 2024 జూలై నాటికి అదే మెట్టు 199. కాల్స్ ఖరీదు పడిపోయింది, ఫోను పెట్టుకునే ఖరీదు పెరిగింది. ఎక్కువ మాట్లాడేవాడికి లాభం, అమ్మగారి లాగా రోజుకు పది నిమిషాలు మాట్లాడేవారికి నష్టం.

బ్యాంకు కౌంటర్ వెనక, నవంబర్ 9, రాత్రి 8:20

వృత్తిరీత్యా ఒక హెచ్చరిక చేయాలి. ఇక్కడ అందరూ కాల్స్ గురించే మాట్లాడుతున్నారు. నంబరు పోతే జరిగేది అంతకంటే పెద్దది. రద్దయిన నంబరు శాశ్వతంగా ఖాళీగా ఉండదు. 90 రోజుల వరకు ఇంకెవరికీ కేటాయించరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తరువాత అది కొత్త మనిషి చేతికి వెళ్లవచ్చు. అప్పుడు మీ అమ్మగారి ఖాతా తాలూకు ఓటీపీలు ఆ మనిషికి వెళతాయి. మా శాఖకు వచ్చే పెద్దవాళ్లలో, పాసుపుస్తకంలో ఉన్న నంబరు తమ దగ్గర లేదని అప్పుడే తెలుసుకునేవారు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఆధార్‌లో కూడా నంబరు మార్చుకోవాలి, దానికి కేంద్రానికి వెళ్లి వేలిముద్రలు వేయవలసి రావచ్చు. ముసలివారి వేలిముద్రలు అరిగిపోయి ఉంటే అది ఇంకొక ప్రహసనం.

యూపీఐ గురించి కూడా ఒక మాట. కొత్త ఫోనులో యూపీఐ యాప్ నమోదు చేసేటప్పుడు మీ సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ బయటికి వెళ్లాలి, ఆ సిమ్ మీదేనని బ్యాంకు రుజువు చేసుకునేది దానితోనే. గడువు తీరి బయటికి వెళ్లేవి ఆగిపోయిన సిమ్‌తో ఆ నమోదు జరగదు. చాలామంది యాప్ చెడిపోయిందనుకుని మా దగ్గరికి వస్తారు.

మరొక పని ఈ రోజే చేయండి. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో అమ్మగారి నంబరుతో లోపలికి వెళ్లి, ఆమె పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. మన రాష్ట్రంలో ఒక మనిషి పేరున 9 వరకు ఉండవచ్చు. తెలియనివి కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

మొగల్రాజపురం కొండవాలు, నవంబర్ 10, ఉదయం 6:55

మా ఇంటికి వెనక కొండ, ముందు అపార్ట్‌మెంట్. ఏ కంపెనీ సిగ్నలూ పడకగదిలోకి రాదు. నా మట్టుకు నేను ఇంటి వైఫై మీద కాల్ చేసే సదుపాయంతో బయటపడ్డాను, చాలా 4జీ ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఉంటుంది. 2జీ ఫోనుకు అది లేదని తెలుసు. కాబట్టి అమ్మగారి విషయంలో ఏ కంపెనీ చవక అన్నదాని కంటే, ఆమె పడుకునే గదిలో ఏది మోగుతుందన్నది ముందు చూడండి.

కృష్ణలంక సత్యం, నవంబర్ 10, ఉదయం 7:30

అది సమంజసమైన మాట. పోర్ట్ చేయదలచుకుంటే దాని పద్ధతి కూడా రాస్తున్నాను, ఎవరికైనా పనికివస్తుంది. అమ్మగారి ఫోను నుంచే ఇంగ్లీషులో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, నంబరు రాసి 1900కు ఎస్ఎంఎస్ పంపాలి. వచ్చే కోడ్ నాలుగు రోజులు చెల్లుతుంది. ఒకే సర్కిల్‌లో అయితే మూడు పనిదినాలు పడుతుంది. రాష్ట్రం రెండైనా టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిల్. సిమ్ పోయి కొత్తది తీసుకుని ఉంటే, 2024 జూలై 1 నుంచి ఏడు రోజులు ఆగాలి. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. మిగిలిన గడువు, నిల్వ మాత్రం కొత్త కంపెనీకి వెంట రావు, కాబట్టి ఏడాది రీఛార్జి చేసిన మర్నాడు పోర్ట్ చేయకండి. మా బావమరిది ఆ పని చేశాడు.

బెజవాడ రీఛార్జి కొట్టు, నవంబర్ 10, ఉదయం 9:15

పోర్ట్ చేసే ముందు, మారదలచిన కంపెనీ సిమ్ ఉన్న ఇంకొకరి ఫోను తీసుకుని ఆ ఇంట్లో ఒక పూట ఉంచి చూడమని నేను అందరికీ చెబుతాను. పైసా ఖర్చు లేదు.

బ్రాడీపేట వాసి, నవంబర్ 16, రాత్రి 9:10

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యానికి మన్నించాలి, ఊరికి వెళ్లి చూసి వచ్చి రాద్దామని ఆగాను.

కొట్టు అన్నగారు చెప్పినట్టే చేశాను. మా బాబాయిగారి బీఎస్ఎన్ఎల్ సిమ్, పక్కింటివారి మరొక కంపెనీ సిమ్ రెండింటినీ అడిగి తీసుకుని, వేరే బటన్ల ఫోనులో వేసి, అమ్మ ఇంట్లో వరండాలో, వంటింట్లో, మధ్య గదిలో, పెరట్లో పెట్టి గుంటూరు నుంచి మా ఆవిడ చేత ఫోను చేయించి చూశాను. వరండాలో అన్నీ మోగాయి. మధ్య గది పాత మట్టి గోడల గది, పైన పెంకులు తీసి శ్లాబు వేయించాం. అక్కడ బాబాయిగారి సిమ్ నాలుగింటిలో మూడుసార్లు మోగింది, పక్కింటివారిది ఒకసారే మోగింది, అమ్మ దగ్గర ఇప్పుడున్నది నాలుగుసార్లూ మోగింది. అమ్మ రాత్రి పడుకునేది ఆ గదిలోనే. కాబట్టి సత్యం గారికి క్షమాపణలతో, పోర్ట్ చేయడం లేదు. మా బాబాయి ఇల్లు చెరువు గట్టు దగ్గర, ఆయనకు అక్కడ బీఎస్ఎన్ఎల్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నది. రెండు ఇళ్ల మధ్య నడక ఐదు నిమిషాలు.

సంచార్ సాథీలో చూశాను. అమ్మ పేరున రెండు నంబర్లు ఉన్నాయి. రెండవది 2012లో నాన్నగారికి తీసినది. ఆయన పోయి ఆరేళ్లయింది. నంబరు ఇంకా అమ్మ పేరునే ఉందని మాకెవరికీ తెలియదు. దాన్ని అక్కరలేదని గుర్తు పెట్టబోతే అమ్మ వద్దన్నారు. దానికి ఎవరైనా ఫోను చేస్తే ఏమవుతుందని అడిగారు. చేసి చూశాం. వాడుకలో లేదని వచ్చింది. దాన్ని ఏమి చేయాలో ఇంకా తేల్చుకోలేదు.

ఇప్పుడున్న కంపెనీలోనే డేటా లేని ఏడాది ప్లానుకు మారాలని నిర్ణయించాం. కాకపోతే ఇప్పుడే వేయడం లేదు. 23వ తేదీన వేసిన 28 రోజులు ఈ నెల 19తో తీరతాయి. ఇంకొక రెండు 28 రోజుల ప్లాన్లు వేస్తే జనవరి 14 వరకు వస్తుంది. ఆ మర్నాటి నుంచి ఏడాది ప్లాను మొదలవుతుంది. సంక్రాంతికి నేను, చెల్లెలు ఇద్దరం తప్పకుండా ఊళ్లో ఉంటాం. ఏటా ఆ సెలవుల్లో అమ్మ ఎదురుగా కూర్చుని వేస్తే మరచిపోవడం ఉండదు.

బ్యాంకు కౌంటర్ వెనక, నవంబర్ 16, రాత్రి 9:35

నాన్నగారి నంబరు విషయంలో తొందరపడకండి. దానికి ముడిపడిన ఖాతా, బీమా, గ్యాసు ఏవైనా మిగిలి ఉన్నాయేమో పాత కాగితాలు చూడండి. అవన్నీ అమ్మగారి నంబరుకు మార్చిన తరువాత తీసివేయవచ్చు.

పటమట ప్రోగ్రామర్, నవంబర్ 16, రాత్రి 9:50

మీ పరీక్ష చదివాక నేనూ మా నాన్నగారి గదిలో అలాగే చేసి చూశాను. ఫలితం ఇక్కడ రాయను, ఇంట్లో గొడవ జరుగుతున్నది. ఒక్క సూచన: గడువుకు వారం ముందు అమ్మగారి నంబరుకు వచ్చే హెచ్చరిక ఎస్ఎంఎస్ ఆమె చదవరు కాబట్టి, కంపెనీ యాప్‌లో ఆమె నంబరును మీ ఫోనులో కూడా చేర్చుకోండి. గడువు మీకే కనిపిస్తుంది.

లెక్కల మాస్టారు, నవంబర్ 17, ఉదయం 5:50

మీ నిర్ణయం బాగుంది గానీ రెండు అభ్యంతరాలు. మధ్యలో వేసే ఆ రెండు 28 రోజుల ప్లాన్లకు రోజుకు 2 రూపాయలు అదనంగా పోతున్నాయి, 56 రోజులకు 112 పైచిలుకు. పండుగ కోసం కాబట్టి ఊరుకుంటున్నాను.

రెండవది: 365 రోజులు అంటే ఏడాది అనుకుని తేదీని గుర్తుపెట్టుకోవద్దు. 2026 జనవరి 15న మొదలైనది 2027 జనవరి 14తో, తరువాతిది 2028 జనవరి 14తో తీరతాయి. 2028 ఫిబ్రవరికి 29 రోజులు. కాబట్టి మూడవది 2029 జనవరి 13తోనే అయిపోతుంది.

బ్రాడీపేట వాసి, నవంబర్ 17, ఉదయం 7:20

రాసి పెట్టుకున్నాను మాస్టారూ. అమ్మ వంటింటి తలుపు వెనక క్యాలెండర్ మీద కూడా రాయమన్నారు, కానీ 2029 క్యాలెండర్ ఇంకా రాలేదు.